లావుగా లేను కదా, మరి కొవ్వు హార్మోన్లకూ నా పీసీఓడీకీ సంబంధం ఏమిటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 25 ఏళ్లు. విజయనగరంలో ఒక ప్రైవేటు బ్యాంకులో పని చేస్తున్నాను. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 57 కిలోలు. రెండేళ్లుగా పీరియడ్స్ 50, 60 రోజులకోసారి వస్తున్నాయి. గడ్డం కింద వెంట్రుకలు మొదలయ్యాయి. మెడ వెనక నల్లబడింది. స్కానింగ్ తీసి పీసీఓడీ అన్నారు, బరువు తగ్గమన్నారు. నన్ను చూసినవాళ్లెవరూ లావు అనరు, కాకపోతే కొంచెం పొట్ట ఉంటుంది. కొవ్వులోంచి వచ్చే హార్మోన్ల వల్ల ఈ సమస్య వస్తుందని ఈమధ్య చదివాను. ఒక ల్యాబ్ వాళ్లు లెప్టిన్, అడిపోనెక్టిన్ టెస్టులు కలిపి ప్యాకేజీ ఇస్తామంటున్నారు. అడిపోనెక్టిన్ పెంచే క్యాప్సూల్స్ కూడా దొరుకుతాయట. వాడొచ్చా? మా నాన్నగారికి షుగర్ ఉంది. అమ్మ సంబంధాలు చూస్తోంది, పెళ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి అంటోంది. నాకేమో పిల్లలు పుట్టరేమోనని ఒకటే టెన్షన్.
– ఎస్., విజయనగరం

సమాధానం: ముందుగా ఒక మాట అమ్మా. ఇది మీరు చేతులారా తెచ్చుకున్న జబ్బు కాదు. "కూర్చుని తినడం వల్లే ఇదంతా" అని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఆ మాట మనసుకు పట్టించుకోకండి. పీసీఓఎస్ (మీకు పీసీఓడీ అని చెప్పింది దీన్నే) కుటుంబాల్లో నడిచే సమస్య. మీ నాన్నగారి షుగరు, మీ మెడ నలుపు, మీ పీరియడ్స్ ఆలస్యం వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి కానీ నాకు మీ ఉత్తరంలో ఒకే సంగతి కనిపిస్తోంది. మీ ఒంట్లో, రక్తంలో షుగరును అదుపులో ఉంచే ఇన్సులిన్ పని సరిగ్గా సాగడం లేదు. మీరు అడిగిన కొవ్వు హార్మోన్ల కథ కలిసేది ఇక్కడే.

కొవ్వంటే మిగిలిన తిండి దాచుకునే చోటు మాత్రమేనని చాలాకాలం అనుకున్నారు. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వు కణాలు వదిలే లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టాక ఆ అభిప్రాయం మారిపోయింది. వాళ్లు పరిశోధించిన ఎలుకలు ఎంత తిన్నా ఆకలి తీరక విపరీతంగా లావెక్కేవి. వాటికి పిల్లలు కూడా పుట్టేవి కావు. లోపించిన లెప్టిన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తే తిండి తగ్గింది, బరువు తగ్గింది. మరో రెండేళ్లకు ఇంకో విషయం తేలింది. లెప్టిన్ ఇచ్చిన ఆడ ఎలుకలు గర్భం దాల్చగలిగాయి. అంటే కొవ్వు కణాలు మెదడుకు కబురు పంపుతున్నాయన్నమాట: నిల్వ ఉంది, బిడ్డను మోయగలదు అని. మరీ సన్నబడిపోయిన అమ్మాయిలకు, కడుపు మాడ్చుకునే క్రీడాకారిణులకు పీరియడ్స్ ఆగిపోవడానికి ఒక కారణం ఆ కబురు అందకపోవడమే.

మరి మీ సమస్యకు లెప్టిన్ కారణమా? చాలావరకు కాదనే చెప్పాలి. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో లెప్టిన్ ఎక్కువగా కనిపించే మాట నిజమే, కానీ అది ముఖ్యంగా ఒంట్లో కొవ్వు ఎంతుందో దాన్ని బట్టి ఉంటుంది. కొవ్వు ఎక్కువైతే లెప్టిన్ పెరుగుతుంది, మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

నా దృష్టిలో మీరు తెలుసుకోవాల్సింది రెండోదాని గురించి, అడిపోనెక్టిన్ గురించి. దీని తీరు వేరు. ఇది కూడా కొవ్వు కణాల్లోంచే వస్తుంది, కానీ కొవ్వు పెరిగేకొద్దీ, ముఖ్యంగా పొట్ట లోపల పేరుకునేకొద్దీ, రక్తంలో దీని మోతాదు తగ్గిపోతుంది. ఇది మనకు మేలు చేసే హార్మోను. లివర్, కండరాలు ఇన్సులిన్ మాట వినేలా చేస్తుంది, కొవ్వును ఖర్చు పెట్టిస్తుంది. పీసీఓఎస్ ఉన్న స్త్రీలనూ లేనివాళ్లనూ బరువు సమానంగా ఉండేలా చూసి పోల్చినా, పీసీఓఎస్ ఉన్నవాళ్లలోనే అడిపోనెక్టిన్ తక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాలను కలిపి చూసిన 2009 నాటి విశ్లేషణ చెప్పింది. అంటే మీలా సన్నగా కనిపించే అమ్మాయిలకు కూడా ఇది వర్తిస్తుంది.

2011లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఇంకొంచెం లోతుకు వెళ్లారు. పీసీఓఎస్ ఉన్న స్త్రీల పొట్ట దగ్గరి కొవ్వును కొద్దిగా తీసి మైక్రోస్కోపు కింద చూశారు. వాళ్ల కొవ్వు కణాలు, అంతే బరువున్న మామూలు స్త్రీల కణాల కన్నా పెద్దగా ఉన్నాయి. ఇన్సులిన్ ఎంత సరిగ్గా పనిచేస్తోందన్నది మగ హార్మోన్ల మోతాదు కన్నా ఆ కణాల సైజుతో, అడిపోనెక్టిన్‌తో, నడుము కొలతతో ఎక్కువ ముడిపడి ఉందని గమనించారు.

కణం ఉబ్బితే నష్టమేమిటంటే, గాదె నిండిపోయాక వచ్చిన ధాన్యాన్ని వరండాలోనో పడగ్గదిలోనో పోసుకోవాల్సి వచ్చినట్టే ఉంటుంది. చర్మం కింద చోటు చాలని కొవ్వు లివర్‌లోకీ కండరాల్లోకీ చేరుతుంది. ఉబ్బిన కణాలు అడిపోనెక్టిన్‌ను తక్కువగా, వాపు పుట్టించే రసాయనాలను ఎక్కువగా వదులుతాయి. దాంతో లివర్, కండరాలు ఇన్సులిన్‌కు లొంగవు. పాంక్రియాస్ రెట్టింపు కష్టపడి ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఇలా ఇన్సులిన్‌కు లొంగకపోవడాన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటాం. మీ మెడ వెనక నలుపు మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. ఎక్కువైన ఇన్సులిన్ అక్కడి చర్మ కణాలను పెంచడం వల్ల వచ్చే మార్పు అది. దయచేసి పీచు పెట్టి రుద్దకండి, ఇంకా నల్లబడుతుంది.

ఇక అసలు చిక్కు అండాశయంలో ఉంది. కండరాలు ఇన్సులిన్ మాట విననంత మాత్రాన అండాశయం కూడా వినడం మానేయదు. రక్తంలో పెరిగిన ఇన్సులిన్ అంతా దాని మీద పూర్తి స్థాయిలో పనిచేస్తుంది, మగ హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. ఇంకోపక్క లివర్‌లో తయారయ్యే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. టెస్టోస్టెరాన్‌ను కట్టి ఉంచేది ఆ ప్రొటీనే. అది తగ్గితే కట్టు లేని టెస్టోస్టెరాన్ రక్తంలో తిరుగుతుంది. మీ గడ్డం కింద వెంట్రుకలు దాని పనే. అండాశయంలో చిన్న ఫాలికిల్స్ (అండం పెరిగే సంచులు) కొంతవరకు ఎదిగి ఆగిపోతాయి, అండం టైముకు విడుదల కాదు, పీరియడ్ వెనక్కి వెళ్తుంది. స్కానింగ్‌లో చూపించి "నీటి బుడగలు" అంటారే, అవి ఈ ఆగిపోయిన ఫాలికిల్సే. అవి గడ్డలు కావు, కోసి తీయాల్సినవి అంతకన్నా కావు.

కథ ఇక్కడితో అయిపోలేదు. కొవ్వు కూడా మగ హార్మోన్ తయారు చేస్తుంది. బలహీనమైన ఆండ్రోజెన్లను, అంటే మగ హార్మోన్లను, టెస్టోస్టెరాన్‌గా మార్చే ఎంజైమ్ కొవ్వు కణాల్లో ఉందని, ఇన్సులిన్ దాన్ని ఇంకా ఉసిగొల్పుతుందని బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2017లో చూపించారు. ఆ టెస్టోస్టెరాన్ వల్ల పొట్ట దగ్గర కొవ్వు చేరడం ఇంకా సులువవుతుంది. దేని నుంచి ఏది మొదలైందో తేల్చడం కష్టం. "కొవ్వు హార్మోన్ల వల్లే పీసీఓఎస్ వస్తుంది" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్లను అందుకే నమ్మకండి. అవి ఈ సుడిలో ఒక ముఖ్యమైన పాయ, అంతవరకే.

మీరు లావుగా లేకుండానే ఇదంతా ఎలా అంటారా? మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, వేశాను, 22.8. మనవాళ్లకు పెట్టిన 23 హద్దుకు అంచునే ఉన్నారు, అయినా నార్మలే. కానీ బీఎంఐ చెప్పేది బరువు గురించి, కొవ్వు ఎక్కడుందో చెప్పదు. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! మన దక్షిణాసియా వాళ్లలో చాలామంది శరీర తత్వం ఇదే. కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ. అంతే బరువున్న తెల్లవాళ్లతో పోలిస్తే అడిపోనెక్టిన్ కూడా తక్కువ. ఇన్సులిన్ రెసిస్టెన్స్ పీసీఓఎస్‌లో లావుతో సంబంధం లేకుండా కూడా ఉంటుందని అమెరికాలో ఆండ్రియా డునైఫ్ బృందం 1989లోనే చెప్పింది.

అందుకే వెయింగ్ మెషీన్ పక్కన పెట్టి టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకూ, పక్కన చేతికి తగిలే తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, బట్టల మీద కాకుండా ఒంటి మీద చుట్టండి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. డ్రెస్ సైజుతో దీనికి సంబంధం లేదు. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట లోపల కొవ్వు ఎక్కువైందని అర్థం. మీరు రాసిన "కొంచెం పొట్ట" ఎంతో ఆ కొలత చెబుతుంది.

ఇక ల్యాబ్ ప్యాకేజీ. వద్దు. లెప్టిన్, అడిపోనెక్టిన్ పరిశోధనకు ఎంతో విలువైనవి, కానీ మీకు వైద్యం చేసే డాక్టరుకు ఆ అంకెలతో పని లేదు. ఇంత దాటితే జబ్బు, ఇంత లోపు ఉంటే కాదు అని అందరూ ఒప్పుకున్న హద్దు ఏదీ లేదు. లెప్టిన్ రాత్రిపూట పెరుగుతుంది, రెండు మూడు రోజులు పస్తుంటే పడిపోతుంది. ఆ రిపోర్టులో ఏమొచ్చినా మీకు ఇచ్చే మందు మారదు. ఫాస్టింగ్ ఇన్సులిన్ టెస్టు సంగతీ అంతే. 2023 అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు దాన్ని మామూలుగా చేయించమని చెప్పడం లేదు.

ఆ డబ్బుతో గ్లూకోజ్ టాలరెన్స్ టెస్టు చేయించుకోండి. పరగడుపున రక్తం ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగి, రెండు గంటలు అక్కడే కూర్చుని మళ్లీ రక్తం ఇవ్వాలి. ఆ రెండు గంటల్లో కాఫీ, టిఫిన్, అటూ ఇటూ తిరగడం కుదరదు. ఫాస్టింగ్ నార్మల్‌గా ఉండి గ్లూకోజ్ తాగాక మాత్రమే బయటపడే షుగరు పీసీఓఎస్‌లో తరచూ కనిపిస్తుంది. మీకు రక్తహీనత గనక ఉంటే మూడు నెలల షుగరు సగటు టెస్టు తప్పుదారి పట్టించవచ్చు, అందుకే ఇది మేలు. దీంతోపాటు కొలెస్ట్రాల్, బీపీ చూపించుకోండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ ఇప్పటికే చేయించకపోతే అవీ కావాలి, ఎందుకంటే వాటిలో తేడా ఉన్నా పీసీఓఎస్ లాగే కనిపిస్తుంది. టోటల్ టెస్టోస్టెరాన్, ఎస్‌హెచ్‌బీజీ కూడా అడగండి. స్కానింగ్ మళ్లీ మళ్లీ అక్కర్లేదు. పీరియడ్స్ క్రమం తప్పడం, మగ హార్మోన్ లక్షణాలు రెండూ ఉన్నప్పుడు, మిగతా జబ్బులు లేవని తేలాక, స్కాన్ లేకుండానే పీసీఓఎస్ అని చెప్పవచ్చు.

క్యాప్సూల్స్ విషయం. అడిపోనెక్టిన్‌ను మందుగా ఇచ్చే పద్ధతి ఇంకా రాలేదు. దాన్ని పెంచుతుందని చెప్పి అమ్మే సప్లిమెంట్లు మీ పీరియడ్స్‌ను సరిచేస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. నిజంగా దాన్ని బాగా పెంచే మందు ఒకటుంది, షుగరుకు వాడే పయోగ్లిటజోన్. అది తీసుకుంటే చర్మం కింద కొత్తగా చిన్న చిన్న కొవ్వు కణాలు పుడతాయి, అడిపోనెక్టిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. మనిషి బరువు మాత్రం పెరుగుతుంది! కొవ్వు మోతాదు కన్నా దాని ఆరోగ్యం ముఖ్యమని చెప్పడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు కనిపించలేదు. అలాగని మీరు ఆ మందు అడగకండి. బరువు పెంచుతుంది, ఒళ్లు నీరు పడుతుంది, పిల్లలు కావాలనుకునే వయసులో వాడదగింది కాదు.

"బరువు తగ్గండి" అని మీకిచ్చిన సలహాను నేను కొంచెం మారుస్తాను. లావుగా ఉన్నవాళ్లకు ఐదు నుంచి పది శాతం బరువు తగ్గినా పీరియడ్స్‌లో తేడా కనిపిస్తుంది. మీ విషయంలో లక్ష్యం కిలోలు కాదు, నడుము, కండ. తిన్న గ్లూకోజ్‌లో పెద్ద భాగం వెళ్లేది కండరాల్లోకే. కండ పెరిగితే ఇన్సులిన్‌కు భారం తగ్గుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవండి. ఐదు రోజులు అరగంట చొప్పున అయితే చాలు. రెండు రోజులు బరువులతో వ్యాయామం చేయండి. జిమ్‌కు వెళ్లే వీలు లేకపోతే గుంజీలు, గోడకు చేతులు ఆనించి చేసే పుషప్స్, రెండు నీళ్ల సీసాలు చాలు. మీది కుర్చీలో కూర్చునే ఉద్యోగం కాబట్టి మధ్యాహ్నం భోజనం అయ్యాక కౌంటర్ దగ్గరికి వెళ్లేముందు పది నిమిషాలు నడిచినా మంచిదే. ఆర్నెల్లకు బరువు 57 దగ్గరే ఉండి నడుము మూడు సెంటీమీటర్లు తగ్గితే, దాన్ని గెలుపుగానే లెక్కేసుకోండి.

తిండిలో ఏ ఒక్క డైట్ మిగతా వాటికన్నా గొప్పదని తేలలేదు. కీటో అక్కర్లేదు, అన్నం పూర్తిగా మానక్కర్లేదు, రాత్రిళ్లు పస్తులు అసలే వద్దు. అన్నం ఒక చిన్న కప్పుకు తగ్గించి, పప్పు, కూర, గుడ్డో చేపో పెంచండి. పొద్దున నాలుగు ఇడ్లీలకు బదులు పెసరట్టు, సాయంత్రం బజ్జీల బదులు ఉడకబెట్టిన శనగలు. పంచదార వేసిన కాఫీ, టీలు రోజుకు ఎన్ని అవుతున్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి. బ్యాంకుల్లో ఎవరికీ లెక్క తెలియకుండా అయ్యేవి అవే.

మందుల విషయానికొస్తే, పీరియడ్ 50, 60 రోజులకు వస్తున్నంతవరకు కంగారు లేదు. 90 రోజులు దాటితే మాత్రం ఊరుకోకండి. నెలల తరబడి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది, కొన్నేళ్లకు అది ప్రమాదం కావచ్చు. ప్రొజెస్టెరాన్ మాత్రలతో పీరియడ్ తెప్పిస్తారు. వెంట్రుకలు, పీరియడ్స్ రెండింటికీ కలిపి గర్భనిరోధక మాత్రలు బాగా పనిచేస్తాయి, ఎందుకంటే అవి ఎస్‌హెచ్‌బీజీని పెంచి టెస్టోస్టెరాన్‌ను మళ్లీ కట్టేస్తాయి. పెళ్లి కాని అమ్మాయికి ఆ మాత్రలేంటని ఇంట్లో అడిగితే, ఇక్కడ అవి హార్మోన్ వైద్యమని చెప్పండి. వాటివల్ల తర్వాత పిల్లలు పుట్టకపోవడం జరగదు. మైగ్రేన్, బీపీ, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి. వెంట్రుకల్లో తేడా తెలియడానికి కనీసం ఆర్నెల్లు పడుతుంది, ఈలోగా థ్రెడింగ్ చేయించుకోవచ్చు, దానివల్ల ఇంకా మందంగా వస్తాయన్నది అపోహ. గ్లూకోజ్ టెస్టులో తేడా వస్తే షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఇస్తారు. ఎక్కువకాలం వాడితే బీ12 చూపించుకోవాలి.

చివరగా మీ టెన్షన్ సంగతి. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పిల్లలు పుడతారు, కొందరికి మందుల సాయం కావాలి, అంతే. అండం ఉండక కాదు, టైముకు విడుదల కాక ఆలస్యమవుతుంది. దాన్ని విడుదల చేయించడానికి ఇప్పుడు మొదట వాడేది లెట్రోజోల్ మాత్ర. 2014లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో పాత మందు క్లోమిఫీన్ కన్నా దీనితోనే ఎక్కువమందికి బిడ్డలు పుట్టారు. మీకు 25 ఏళ్లే, టైము చాలా ఉంది.

మీ అమ్మగారికి మాత్రం ఒక మాట చెప్పాలి. పెళ్లితో పీసీఓఎస్ తగ్గదు, కాన్పుతోనూ పోదు. కాబట్టి దీన్ని కారణంగా చూపి సంబంధం కోసం తొందరపడవద్దు, అలాగే దీనికి భయపడి ఆపవద్దు కూడా. ఈ సమాధానం ఆమెకు చదివి వినిపించండి. మీకు చెల్లెలు ఉండి ఆమెకూ పీరియడ్స్ ఆలస్యమవుతుంటే చూపించమనండి. ఒకవేళ పెళ్లయి పిల్లల కోసం అనుకుంటే, దానికి మూడు నెలల ముందే డాక్టరును కలవండి. మళ్లీ గ్లూకోజ్ టాలరెన్స్ టెస్టు చేయించుకోవాలి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. గర్భం వచ్చాక ఆ టెస్టు 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి ఉంటుంది, పీసీఓఎస్ ఉన్నవాళ్లకు గర్భిణీ షుగరు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి దాన్ని దాటవేయకండి.